ఎవాల్వ్ బటన్ నొక్కే ముందు: పోకెమాన్ గోలో ఏది అదృష్టం, ఏది మన చేతిలో ఉంది

ఫోన్‌లో ఆడే పోకెమాన్ గో ఆటలో ఒకే జీవి రెండు మూడు వేర్వేరు రూపాలలోకి మారగలిగిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇలా రూపం మారడాన్నే ఎవల్యూషన్ అంటారు. ఈవీ అనే జీవిని పెట్టి వేపోరియన్ రూపం కోసం ఎదురుచూస్తే ఫ్లేరియన్ రావడం, వర్మ్‌పుల్ వరుసగా నాలుగుసార్లు కాస్కూన్‌గానే మారడం ఆటగాళ్లలో దాదాపు అందరికీ ఎదురైన అనుభవమే. ఇలా రెండు మూడు సార్లు జరిగేసరికి దారులు చీలే ఎవల్యూషన్లన్నీ లాటరీయే అన్న అభిప్రాయం స్థిరపడిపోతుంది. నిజానికి వాటిలో పూర్తిగా అదృష్టానికి వదిలేసినవి చాలా తక్కువ. మిగిలినవి ఏదో ఒక నియమాన్ని అనుసరిస్తాయి, ఆ నియమాన్ని ఆట బహిరంగంగా చెప్పదు కాబట్టి అవి అదృష్టంలా కనిపిస్తాయి. ఎవల్యూషన్‌కు ఆట అడిగే క్యాండీలు ఖర్చు చేసే ముందు మీ చేతిలోని జీవి ఏ కోవకు చెందిందో తేల్చుకుని, అదృష్టం కోవకు చెందినదైతే ఎన్ని క్యాండీలు పక్కన పెట్టుకోవాలో, నియమం కోవకు చెందినదైతే ఆ నియమాన్ని ఎలా పాటించాలో ఈ వ్యాసంలో వరుసగా చూద్దాం.

మొదటి మెట్టు: బటన్ పక్కనున్న బొమ్మను చదవండి

జీవి పేజీ తెరిచి ఎవాల్వ్ బటన్ దగ్గర ఆగండి. ఆ పక్కన కనిపించే చిన్న గుర్తే ఈ మొత్తం వ్యవహారానికి తాళంచెవి. అక్కడ రాబోయే రూపం తాలూకు నీడబొమ్మ కనిపిస్తే ఫలితం అప్పటికే నిర్ణయమైపోయిందని అర్థం. నీడబొమ్మ స్థానంలో ప్రశ్నార్థకం కనిపిస్తే ఫలితం ఇంకా తేలలేదని, మీరు బటన్ నొక్కాకే ఆట పాచిక వేస్తుందని అర్థం. ఈవీ, వర్మ్‌పుల్, క్లాంపర్ల్ మామూలు స్థితిలో ఉన్నప్పుడు ఈ ప్రశ్నార్థకమే ఉంటుంది.

ఇది చదవడానికి మరీ చిన్న విషయంగా అనిపించవచ్చు. కానీ ఈ ఆటలో ఎవల్యూషన్‌ను వెనక్కి తీసుకునే మార్గం లేదు. "నిజంగానే ఎవాల్వ్ చేయాలా" అని ఆట ఒకసారి అడుగుతుంది, అలవాటుపడిన వేళ్లు దాన్ని చదవకుండానే దాటేస్తాయి. ఒక రాత్రి, ఈవీకి రాత్రి రూపమైన అంబ్రియన్ కోసం పది కిలోమీటర్లు నడిపించిన ఈవీని, తెల్లవారిపోయిందన్న సంగతి గమనించకుండా ఎవాల్వ్ చేసి పగటి రూపమైన ఎస్పియన్‌ను చేతిలో పెట్టుకున్నాను. బటన్ పక్కన ఎస్పియన్ నీడబొమ్మ స్పష్టంగా ఉంది, చూడనిది నేనే. కాబట్టి మిగతా మెట్లలో ఏది మరిచిపోయినా పరవాలేదు గాని, నీడబొమ్మ చూడకుండా క్యాండీ ఖర్చు చేయకండి.

రెండో మెట్టు: జీవి ఏ కోవకు చెందిందో తేల్చుకోండి

నిజమైన పాచిక ఆట ముఖ్యంగా మూడు చోట్ల ఉంది. ఈవీని ఏ ఏర్పాటూ చేయకుండా ఇరవై అయిదు క్యాండీలతో ఎవాల్వ్ చేస్తే వేపోరియన్, జోల్టియన్, ఫ్లేరియన్‌లలో ఏదో ఒకటి వస్తుంది. వర్మ్‌పుల్‌ను పన్నెండు క్యాండీలతో ఎవాల్వ్ చేస్తే సిల్కూన్ గాని కాస్కూన్ గాని వస్తుంది. క్లాంపర్ల్‌ను యాభై క్యాండీలతో ఎవాల్వ్ చేస్తే హంటెయిల్ గాని గోర్బిస్ గాని వస్తుంది.

పోకెమాన్ పాత వీడియో గేములు ఆడి ఇటు వచ్చినవారు ఇక్కడే పొరబడతారు. ఆ గేములలో ఈవీకి నీటి రాయి, పిడుగు రాయి, నిప్పు రాయి ఇచ్చి కావలసిన రూపాన్ని ఎంచుకోవచ్చు. క్లాంపర్ల్ చేతికి సముద్రపు పన్నో పొలుసో ఇచ్చి మరొకరితో మార్పిడి చేస్తే హంటెయిల్ లేదా గోర్బిస్ ఖాయంగా వస్తుంది. వర్మ్‌పుల్ విషయంలో ప్రతి జీవికీ పుట్టుకతో వచ్చే ఒక దాగిన సంఖ్య దారిని నిర్ణయిస్తుంది. పోకెమాన్ గోలో ఈ వస్తువులు ఈ పని చేయవు. వాటి కోసం వెతకడం, దుకాణంలో కొనాలని చూడడం కాలం వృథా.

పాచికలా కనిపించినా పాచిక కానివి ఇంకొన్ని ఉన్నాయి. బర్మీ ఆడదైతే వార్మాడమ్ అవుతుంది, మగదైతే మాథిమ్ అవుతుంది. జీవి పేజీలో లింగం గుర్తు చూస్తే చాలు. రాక్‌రఫ్ పగలు ఎవాల్వ్ చేస్తే ఒక లైకన్‌రాక్, రాత్రి చేస్తే మరొక లైకన్‌రాక్ వస్తుంది. సాయంకాలపు రూపం మాత్రం అందుకోసమే వేరుగా వచ్చే ప్రత్యేక రాక్‌రఫ్‌కే దక్కుతుంది. కాస్మోయెమ్ పగలు సోల్‌గలియోగా, రాత్రి లునాలాగా మారుతుంది. గ్లూమ్, పాలీవర్ల్, స్లోపోక్ వంటివాటికి అదనపు వస్తువు ఇస్తే ఒక దారి, ఇవ్వకపోతే మరొక దారి. ఏ దారికి ఆ బటన్ విడిగా కనిపిస్తుంది కాబట్టి అక్కడ గందరగోళానికి తావులేదు. కిర్లియా మగదై ఉండి మీ దగ్గర సినో రాయి ఉంటే గలేడ్ దారి తెరుచుకుంటుంది, స్నోరంట్ ఆడదై ఉంటే అదే రాయితో ఫ్రాస్‌లాస్ దారి తెరుచుకుంటుంది. వీటి గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు. టైరోగ్ మాత్రం ప్రత్యేకమైనది, దాని సంగతి విడిగా చూద్దాం.

మూడో మెట్టు: ఈవీకి ఉన్న పేర్లను పొదుపుగా వాడండి

ఈవీ ఎనిమిది రూపాలలో దేన్నైనా ఒక్కసారి ఖాయంగా తెచ్చుకోవడానికి ఆటలో ఒక దాగిన సౌకర్యం ఉంది. ఈవీకి నిర్ణీతమైన ముద్దుపేరు పెట్టి ఎవాల్వ్ చేస్తే ఆ పేరుకు సంబంధించిన రూపమే వస్తుంది. పేరును ఇంగ్లీషు అక్షరాలలో, మొదటి అక్షరం పెద్దదిగా, మిగతావి చిన్నవిగా రాయాలి. అక్షరక్రమం ఒక్కటి తప్పినా పని జరగదు కనుక ఒక్కొక్క పేరునూ అక్షరాలు విడదీసి చెబుతున్నాను.

వేపోరియన్ కోసం రెయినర్: ఆర్, ఏ, ఐ, ఎన్, ఈ, ఆర్.
జోల్టియన్ కోసం స్పార్కీ: ఎస్, పి, ఏ, ఆర్, కె, వై.
ఫ్లేరియన్ కోసం పైరో: పి, వై, ఆర్, ఓ.
ఎస్పియన్ కోసం సకురా: ఎస్, ఏ, కె, యు, ఆర్, ఏ.
అంబ్రియన్ కోసం తమావో: టి, ఏ, ఎం, ఏ, ఓ.
లీఫియన్ కోసం లినియా: ఎల్, ఐ, ఎన్, ఎన్, ఈ, ఏ.
గ్లేసియన్ కోసం రియా: ఆర్, ఈ, ఏ.
సిల్వియన్ కోసం కిరా: కె, ఐ, ఆర్, ఏ.

పేరు మార్చిన తరువాత ఆ పేజీ నుంచి బయటకు వచ్చి మళ్లీ లోపలికి వెళ్లండి. ప్రశ్నార్థకం పోయి మీరు కోరుకున్న రూపపు నీడబొమ్మ కనిపిస్తేనే ముందుకు వెళ్లండి. ఇంకా ప్రశ్నార్థకమే ఉంటే యాప్‌ను మూసి తెరిచి చూడండి. అప్పటికీ మారకపోతే మూడు కారణాలలో ఏదో ఒకటై ఉంటుంది: అక్షరక్రమం తప్పు, పేరు చివర పొరపాటున ఖాళీ చోటు పడటం, లేదా ఆ పేరును మీ ఖాతాలో ఇదివరకే వాడేసి ఉండటం. ఒక్కొక్క పేరు ఒక్కొక్క ఖాతాకు ఒకేఒక్కసారి పనిచేస్తుంది. ఎన్నేళ్ల కిందట వాడినా సరే, వాడినట్టే లెక్క.

ఈ "ఒకేఒక్కసారి" అన్న మాటలోనే అసలు తిరకాసు ఉంది. ఈ చిట్కా తెలిసిన రోజే ఎనిమిది పేర్లనూ చేతికి దొరికిన మామూలు ఈవీల మీద ఖర్చు చేసేయడం కొత్త ఆటగాళ్లు ఎక్కువగా చేసే తప్పు. ఎస్పియన్, అంబ్రియన్, లీఫియన్, గ్లేసియన్, సిల్వియన్‌లకు పేరు లేకుండానే ఎన్నిసార్లయినా వాడుకోగల వేరే మార్గాలున్నాయి. వేపోరియన్, జోల్టియన్, ఫ్లేరియన్‌లకు అటువంటి మార్గం లేదు. పేరు ఖర్చయిపోతే మిగిలేది పాచిక ఒక్కటే. అందుచేత నా సలహా ఏమిటంటే, పోకెడెక్స్, అంటే మీకు దొరికిన జీవుల జాబితా, నింపుకోవడానికైతే ఈ మూడింటినీ పాచికకే వదిలేసి, రెయినర్, స్పార్కీ, పైరో అన్న మూడు పేర్లను ఒక మెరిసే ఈవీ, అంటే షైనీ ఈవీ, లేదా గుణాంకాలు, అంటే దాడి, రక్షణ, ప్రాణశక్తి విలువలు, పూర్తిగా ఉన్న ఈవీ దొరికేదాకా దాచుకోండి. మామూలు ఈవీ తప్పు రూపంలోకి మారితే పోయేది ఇరవై అయిదు క్యాండీలే. షైనీ ఈవీ తప్పు రూపంలోకి మారితే మరొకటి ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం.

నాలుగో మెట్టు: పేరు లేకుండా మిగిలిన అయిదు రూపాలు

ఎస్పియన్, అంబ్రియన్ కోసం ఈవీని బడ్డీగా, అంటే మీతో నడిచే తోడుగా, పెట్టుకుని పది కిలోమీటర్లు నడవాలి. ఈవీకి ప్రతి అయిదు కిలోమీటర్లకు ఒక క్యాండీ వస్తుంది కాబట్టి దారిలో రెండు క్యాండీలు కూడా చేతికొస్తాయి. దూరం పూర్తయ్యాక అది ఇంకా బడ్డీగా ఉండగానే ఎవాల్వ్ చేయాలి. ఆటలో పగలైతే ఎస్పియన్, రాత్రైతే అంబ్రియన్ వస్తుంది. ఆటలోని పగలు, రాత్రి మీ గడియారపు అంకెలతో కాక మీరున్న చోటి వెలుగుతో మారతాయి కనుక, పొద్దు వాలే వేళ, తెల్లవారే వేళ అనుమానం ఉంటే మ్యాపు రంగును, నీడబొమ్మను రెండింటినీ చూసి నిర్ణయించుకోండి. పది కిలోమీటర్లు నడిపించిన ఈవీని తీసి పక్కనపెట్టి మరొక బడ్డీని ఎంచుకున్న తరువాత ఎవాల్వ్ చేస్తే నడక ఫలితం దక్కదు, మళ్లీ పాచికే. దీనికి తలకిందుల సందర్భం కూడా ఉంది. బాగా నడిపించిన ఈవీ నుంచి మీకు ఫ్లేరియనే కావాలనుకోండి, బడ్డీ స్థానం నుంచి తప్పిస్తే తప్ప దానికి మూడు దారుల పాచిక దొరకదు.

లీఫియన్, గ్లేసియన్ కోసం నడక అక్కర్లేదు. పోకెస్టాప్ అంటే మ్యాపులో వస్తువులు దొరికే చోటు, లూర్ అంటే అక్కడికి జీవులను రప్పించే ఎర. నాచు లూర్, అంటే మాసీ లూర్ మాడ్యూల్ పెట్టిన పోకెస్టాప్ దగ్గరకు వెళ్లి ఎవాల్వ్ చేస్తే లీఫియన్, మంచు లూర్, అంటే గ్లేషియల్ లూర్ మాడ్యూల్ ఉన్నచోట చేస్తే గ్లేసియన్ వస్తాయి. ఈ ఏర్పాటు 2019లో వచ్చింది. లూర్‌ను మీరే పెట్టాలన్న నియమం లేదు. ఎవరు పెట్టినదైనా సరే, ఆ పోకెస్టాప్‌ను తిప్పగలిగినంత దగ్గరలో మీరుంటే చాలు. కాబట్టి నలుగురు ఆడేచోట ఒక్క లూర్‌తో అందరూ పని కానిచ్చుకోవచ్చు, ఒక్కొక్కరు ఎన్ని ఈవీలనైనా మార్చుకోవచ్చు. వెళ్లే ముందే క్యాండీలు సిద్ధం చేసుకుని, ఎవాల్వ్ చేయదలచినవాటికి గుర్తు పెట్టుకుని వెళ్లండి. లూర్ కరిగిపోతుండగా నిల్వలో వందల ఈవీల మధ్య మంచిదాన్ని వెతుక్కోవడం అంత సుఖంగా ఉండదు.

సిల్వియన్ 2021లో వచ్చింది. దాని కోసం ఈవీని బడ్డీగా పెట్టుకుని డెబ్బై హృదయాలు సంపాదించాలి. బడ్డీ స్నేహంలో గ్రేట్ బడ్డీ స్థాయి అంటే ఇదే. తినిపించడం, ఆడించడం, కలిసి నడవడం, ఫోటో తీయడం, కలిసి పోరాడటం వంటి పనులకు రోజుకు ఇంతే అన్న పరిమితితో హృదయాలు వస్తాయి, కనుక ఇది ఒక్కరోజులో ముగిసే పని కాదు. డెబ్బై పూర్తయ్యాక బడ్డీగా ఉంచుతూనే ఎవాల్వ్ చేయండి. అన్నిటిలోకీ ఓపిక కోరే దారి ఇదే కాబట్టి, కిరా అన్న పేరును ముందుగానే వాడేయాలనిపిస్తే అందులో పెద్ద నష్టమేమీ లేదు. నేనైతే అదే చేశాను.

అయిదో మెట్టు: టైరోగ్ గుణాంకాలను సరిచూడండి

టైరోగ్ మూడు దారులున్న జీవి. హిట్‌మాన్‌లీ, హిట్‌మాన్‌చాన్, హిట్‌మాన్‌టాప్‌లలో ఏదో ఒకటి అవుతుంది, ఖర్చు ఇరవై అయిదు క్యాండీలు. దీని దారిని నిర్ణయించేది గుణాంకాలు. జీవి పేజీలోని అప్రైజ్ ఎంపిక నొక్కితే దాడి, రక్షణ, ప్రాణశక్తి అని మూడు పట్టీలు కనిపిస్తాయి, ఒక్కొక్కటి సున్నా నుంచి పదిహేను దాకా ఉంటుంది. వీటిలో దాడి ఎక్కువగా ఉంటే హిట్‌మాన్‌లీ, రక్షణ ఎక్కువగా ఉంటే హిట్‌మాన్‌చాన్, ప్రాణశక్తి ఎక్కువగా ఉంటే హిట్‌మాన్‌టాప్ వస్తుంది. పాత గేములలో దాడిని రక్షణతో మాత్రమే పోల్చి, రెండూ సమానమైతే హిట్‌మాన్‌టాప్ ఇచ్చేవారు. ఇక్కడి నియమం అది కాదు, ఆ జ్ఞాపకంతో ఎవాల్వ్ చేస్తే తప్పుతుంది.

పాచిక ఇక్కడ ఒక మూల నుంచి తొంగిచూస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ విలువ రెండు పట్టీలలో సమానంగా ఉంటే ఆ రెండు దారుల మధ్య, మూడూ సమానమైతే మూడింటి మధ్య అదృష్టమే నిర్ణయిస్తుంది. ఇది అరుదుగా జరిగేది అనుకోకండి. టైరోగ్ గుడ్ల నుంచి వచ్చే జీవి, గుడ్ల నుంచి వచ్చిన జీవులకు ఒక్కొక్క గుణాంకం పదికి తగ్గదు. అంటే ప్రతి పట్టీకీ పది నుంచి పదిహేను వరకు ఆరు విలువలే సాధ్యం. మూడు పాచికలు ఒకేసారి వేసినప్పుడు అన్నిటికన్నా పెద్ద అంకె ఒక్కదానిమీదే పడే అవకాశం రెండువందల పదహారులో నూట అరవై అయిదు, అంటే వందకు డెబ్బై ఆరు. కనుక మీ గుడ్లలోంచి వచ్చే ప్రతి నాలుగు టైరోగ్‌లలో సుమారు ఒకటి ఈ సమాన స్థితిలో ఉంటుంది. విచిత్రమేమిటంటే, అందరూ కోరుకునే పదిహేను, పదిహేను, పదిహేను టైరోగే పూర్తిగా అదృష్టం మీద ఆధారపడేది.

మీ టైరోగ్ మీకు అక్కర్లేని దారిలో ఉంటే దాన్ని స్నేహితుడితో మార్పిడి చేసుకోవచ్చు. మార్పిడిలో గుణాంకాలు మళ్లీ కొత్తగా నిర్ణయమవుతాయి, దాంతో దారి కూడా మారే అవకాశం ఉంది. స్నేహస్థాయి పెరిగేకొద్దీ కనీస గుణాంకం పెరుగుతుంది, లక్కీ మార్పిడి అయితే పన్నెండుకు తగ్గదు. అయితే లక్కీ మార్పిడిలో విలువలు పన్నెండు నుంచి పదిహేను దాకా నాలుగే కాబట్టి సమానమయ్యే అవకాశం ఇంకా పెరుగుతుందని గుర్తుంచుకోండి. ఒకసారి మార్పిడైన జీవిని మళ్లీ మార్పిడి చేయడం కుదరదు, కనుక ఈ ప్రయత్నం ఒక్కొక్క టైరోగ్‌కు ఒక్కసారే.

ఆరో మెట్టు: నిజమైన పాచికకు క్యాండీలు లెక్కకట్టుకోండి

పేర్లు అయిపోయాయి, లేదా దాచుకున్నారు, లేదా మీ ముందున్నది వర్మ్‌పులో క్లాంపర్లో అయింది. ఇక్కడ ఉపాయం లేదు, లెక్క ఉంది. ఆటగాళ్లు సాధారణంగా ఈవీ మూడు దారులను సమానమైనవిగాను, వర్మ్‌పుల్, క్లాంపర్ల్ రెండు దారులను సమానమైనవిగాను తీసుకుని లెక్కిస్తారు. అదే లెక్కతో చూద్దాం.

ఈవీలతో మూడు రూపాలూ కావాలంటే మూడు ఈవీలు సరిపోతాయన్న ఆశతో మొదలుపెట్టేవారే ఎక్కువ. మూడు ప్రయత్నాలలో మూడూ వేర్వేరుగా వచ్చే అవకాశం తొమ్మిదిలో రెండు, అంటే నూటికి ఇరవై రెండు మాత్రమే. అయిదు ఈవీలు ఎవాల్వ్ చేస్తే మూడూ చేతికొచ్చే అవకాశం నూటికి అరవై రెండు, ఎనిమిదికి ఎనభై ఎనిమిది. సగటున అయిదున్నర ఈవీలు కావాలి. క్యాండీలలో చెప్పాలంటే నూట ముప్పై ఏడున్నర, కాస్త పైకి సవరించి నూట నలభై పెట్టుకోండి. ఈవీని పట్టుకున్న ప్రతిసారీ మూడు క్యాండీలు వస్తాయి, అనవసరమైనదాన్ని ప్రొఫెసర్‌కు పంపితే ఇంకొకటి వస్తుంది, పినాప్ బెర్రీ వాడితే పట్టినందుకు వచ్చే క్యాండీలు రెట్టింపవుతాయి. కాబట్టి ముప్పై అయిదు నలభై ఈవీలు పట్టుకుంటే ఈ పని సాధారణంగా పూర్తవుతుంది, బెర్రీలు ఉంటే అందులో సగమే చాలు.

వర్మ్‌పుల్ విషయంలో రెండు రూపాలూ రావడానికి సగటున మూడు ఎవల్యూషన్లు, అంటే ముప్పై ఆరు క్యాండీలు పడతాయి. ఆ పైన సిల్కూన్‌ను బ్యూటిఫ్లైగా, కాస్కూన్‌ను డస్టాక్స్‌గా మార్చడానికి చెరో యాభై కావాలి. ఈ రెండో మెట్టులో అదృష్టమేమీ లేదు. కాబట్టి బ్యూటిఫ్లై కోసం ఎదురుచూసేవారు పన్నెండు క్యాండీల దగ్గరే ఫలితం చూసుకుని, కాస్కూన్ వస్తే దాని మీద యాభై ఖర్చు పెట్టకుండా ఆగగలరు. ఖర్చులో పెద్ద భాగం పాచిక పడ్డ తరువాత వస్తుంది కాబట్టి వర్మ్‌పుల్ పాచిక చౌక పాచిక.

క్లాంపర్ల్ అలా కాదు. ఇక్కడ యాభై క్యాండీలూ పాచిక పడక ముందే ఇచ్చేయాలి. రెండు రూపాలూ రావడానికి సగటు మళ్లీ మూడు ప్రయత్నాలే, కానీ అది నూట యాభై క్యాండీలు. మొదటి మూడు ప్రయత్నాలూ ఒకే రూపం ఇచ్చే అవకాశం నాలుగింట ఒకటి, నాలుగు ప్రయత్నాలూ ఒకే రూపం ఇచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. రెండువందల క్యాండీలు ఖర్చుపెట్టి నాలుగు హంటెయిళ్లతో మిగలడం అన్యాయంలా అనిపిస్తుంది గాని, మీతోపాటు ఆడే ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక వైపు జరిగేదే. అందుకే క్లాంపర్ల్‌ను ఒకటి ఎవాల్వ్ చేసి ఆగడం మంచిది కాదు, వంద క్యాండీలు పోగయ్యేదాకా ఆగి చేయడమే మంచిదన్న వాదన వినిపిస్తుంటుంది. అది గణితం ప్రకారం ఏ తేడా తీసుకురాదు. ఎప్పుడు నొక్కినా అవకాశం సగమే.

అదే విధంగా, నాలుగుసార్లు హంటెయిల్ వచ్చింది కనుక అయిదోసారి గోర్బిస్ రావడం ఖాయమన్న నమ్మకానికి ఆధారం లేదు. పాచికకు జ్ఞాపకం ఉండదు. యాప్ మూసి తెరిచాక నొక్కడం, వాన కురిసే వేళ నొక్కడం, బరువు తక్కువున్నదాన్ని ఎంచుకోవడం వంటి చిట్కాలు తరచుగా చెబుతుంటారు. యాప్ మూసి తెరవడం పేరు చిట్కాలో నీడబొమ్మను సరిచూసుకోవడానికి పనికొస్తుంది గాని, పాచికను వంచదు.

ఏడో మెట్టు: పాచికకు ఏ జీవిని బలివ్వాలో ఎంచుకోండి

ఎవల్యూషన్‌లో జీవి స్థాయి, గుణాంకాలు, లింగం, షైనీ లక్షణం అలాగే ఉంటాయి. దాడులు మాత్రం కొత్త రూపానికి ఉన్న జాబితా నుంచి మళ్లీ ఎంపికవుతాయి, అదొక రెండో పాచిక. దాన్ని టీఎం వస్తువులతో తరువాత మార్చుకోవచ్చు కనుక దాని గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. కమ్యూనిటీ డే, అంటే ఒక జీవికి కేటాయించిన ప్రత్యేక ఆట రోజున, నిర్ణీత గంటలలో ఎవాల్వ్ చేస్తే మాత్రం ఆ రోజుకు ప్రకటించిన ప్రత్యేక దాడి ఖాయంగా వస్తుంది. ఈవీకి 2018లోనూ 2021లోనూ అటువంటి రోజులు జరిగాయి. బలమైన ఈవీ దగ్గరుండి, తొందర లేకపోతే ఇలాంటి రోజు కోసం దాచుకోవడం లాభదాయకం.

పోకెడెక్స్ పేజీ నింపడమే లక్ష్యమైతే అన్నిటికన్నా బలహీనమైనదాన్నే పాచికకు పెట్టండి, ఏ రూపం వచ్చినా నష్టం లేదు. పోరాటాల కోసమైతే ముందుగా శక్తి అంకెను, అంటే సీపీని అంచనా వేయాలి. ఈవీ సీపీ వేపోరియన్‌గా మారినప్పుడు సుమారు మూడు రెట్లవుతుంది, అంబ్రియన్‌గా మారితే రెండు రెట్ల పైచిలుకే అవుతుంది. ఆటగాళ్లు పరస్పరం పోరాడే గ్రేట్ లీగ్‌లో సీపీ పరిమితి 1500 కాబట్టి, అక్కడ పేరున్న అంబ్రియన్‌ను తయారుచేయాలంటే ఏడువందల లోపు సీపీ ఉన్న ఈవీని ఎంచుకుంటే మారిన తరువాత పరిమితి దాటదు. ఆ పైన స్టార్‌డస్ట్‌తో పెంచుకుంటూ 1500 దగ్గరకు తీసుకురావచ్చు. ఏది వస్తుందో తెలియని పాచికలో ఉంచుతూ 1500 దాటకూడదంటే నాలుగువందల అరవై లోపు ఈవీని పెట్టండి, మూడింటిలో ఏది వచ్చినా పరిమితిలోనే ఉంటుంది. అదీకాక, గ్రేట్ లీగ్‌కు దాడి గుణాంకం తక్కువగా, రక్షణ, ప్రాణశక్తి ఎక్కువగా ఉన్న ఈవీ సాధారణంగా మెరుగు. బృందంగా ఒక బలమైన జీవితో పోరాడే రెయిడ్ల కోసం ఎంచుకునేటప్పుడు చూసే పదిహేను, పదిహేను, పదిహేను ఇక్కడ మొదటి ఎంపిక కాదు.

చివరగా నొక్కే ముందు చేసే పని ఒక్కటే మిగిలింది. ఎవాల్వ్ చేయదలచినవన్నీ నీడబొమ్మలతో సహా సరిచూసుకుని ఒకచోట చేర్చుకున్నాక లక్కీ ఎగ్ పగలగొట్టండి. దాని ప్రభావం అరగంట పాటు అనుభవ పాయింట్లను రెట్టింపు చేస్తుంది, పన్నెండు క్యాండీల వర్మ్‌పుళ్లు ఆ అరగంటకు బాగా అక్కరకొస్తాయి. కాస్కూన్లే వచ్చినా పాయింట్లు మాత్రం అన్నిటికీ ఒకటే.